మరలుట, మరల్చుట: బడ్జ్ బడ్జ్ రేవున ఒక ఆంగ్లక్రియ

ఆంగ్లభాష నేర్చుకొను భారతీయుని బాధించునవి ఆ భాషలోని పెద్దమాటలు కావు, చిన్నమాటలు. పెద్దమాటకు నిఘంటువున్నది. 'డిపోర్టేషన్' అను పదము కనబడినచో నిఘంటువు తెరచి, 'దేశమునుండి వెడలగొట్టుట' అను అర్థమును తెలిసికొని ముందుకు సాగవచ్చును. కాని 'టర్న్' అనగా తిరుగుట యనియు, 'బ్యాక్' అనగా వెనుక యనియు బడిపిల్లవానికిని తెలియును. కావున 'టర్న్ బ్యాక్' అను జంటమాటకొరకు ఎవ్వరును నిఘంటువు తెరువరు. పొరపాట్లు పుట్టునది అక్కడనే.

ఇట్టి జంటక్రియలు తెలుగునకు క్రొత్తవి కావు. 'వెను' అను మాటకు 'తిరుగు' చేరి 'వెనుదిరుగు' అయినది. 'తీయు' చేరి 'వెనుదీయు' అయినది. వెనుదిరిగినవాడు దారి మార్చుకొనెను. వెనుదీసినవాడు జంకెను. వెనుకాడినవాడు ఇంకను నిలుచున్నచోటనే ఉండి సంకోచించుచున్నాడు. ఒకనిని 'వెనుకేసికొని వచ్చినవాడు' వాని పక్షమున మాటాడుచున్నాడు. విడివిడి మాటల అర్థములను కూడినంతమాత్రమున ఈ అర్థములు రావు. తెలుగుబిడ్డ వీనిని వ్యాకరణమువలన నేర్వలేదు, ఇంటివాడుకవలన నేర్చుకొన్నది. ఆంగ్లేయుల బిడ్డయు తన జంటక్రియలను అట్లే నేర్చుకొనును. పరభాషవాడు మాత్రము వానిని పుస్తకములనుండి నేర్చుకొనవలసియుండును. కొన్నిమారులు చరిత్రనుండియు నేర్చుకొనవలసియుండును.

నిత్యవ్యవహారమున 'టర్న్ బ్యాక్' అను మాటకు గల వాడుకలు అనేకములు. వాన కురిసి వాగు పొంగగా బండివాడు సగము దారిలో మరలినచో ఆంగ్లమున ఈ మాటయే చెప్పుదురు. మరచిన గొడుగుకొరకు ఇంటికి మరలినను ఇదియే. చదువుచున్న గ్రంథమున వెనుకటి పుటకు పోవుట, దుప్పటి అంచును మడచుట, చొక్కాచేతిని మడచుట, వీనికిని ఇదియే. గడియారపు ముల్లును వెనుకకు త్రిప్పుట అను అర్థమునుండి గడచిన కాలమును మరల తెచ్చుట అను లక్ష్యార్థము పుట్టినది. అయితే అట్లు తెచ్చుట సాధ్యము కాదని చెప్పుటకే సాధారణముగా ఆ మాటను వాడుదురు. 'బ్యాక్' స్థానమున 'అవే' ఉన్నచో గుమ్మమునుండియే పంపివేయుట యగును; 'డౌన్' ఉన్నచో కోరికను కాదనుట యగును. మొదటిమాట మారదు. రెండవమాటయే అర్థమును నడపును.

ఈ వాడుకలన్నిటికంటె ముఖ్యముగా గమనింపదగినది మరియొకటి కలదు. దారిలో తనంతట తాను మరలినను 'టర్న్ బ్యాక్' అనియే ఆంగ్లమున అందురు. దారిలో అడ్డగించి మరియొకనిని మరల్చినను 'టర్న్ బ్యాక్' అనియే అందురు. ఒకే రూపము అకర్మకమును అగును, సకర్మకమును అగును. భారతీయ భాషలు ఇట్లు చేయవు. తెలుగున 'మరలు' వేరు, 'మరల్చు' వేరు. 'తిరుగు' వేరు, 'త్రిప్పు' వేరు. హిందీలో 'లౌట్‌నా' వేరు, 'లౌటానా' వేరు. వంగభాషలో 'ఫేరా' వేరు, 'ఫేరానో' వేరు. పంజాబీలో 'ముడ్‌నా' వేరు, 'మోడ్‌నా' వేరు. ఒక్క అక్షరముయొక్క మార్పుచేత ఈ భాషలు ఒక ప్రశ్నకు సమాధానము చెప్పుచున్నవి. మరలినవాడు తన ఇష్టముచేత మరలెనా, లేక ఎవరైన మరల్చిరా?

ఆంగ్లమునకు కర్మణి ప్రయోగము లేదని దీని భావము కాదు. 'ఓడ మరల్పబడినది' అని ఆంగ్లమున హాయిగా వ్రాయవచ్చును. అయితే అందు మరల్చినవాని పేరు ఉండవలసిన నియమము లేదు. తెలుగున కర్మణి ప్రయోగము పుస్తకములకు పరిమితమైనది. నోటిమాటలో 'ఓడను మరల్చినారు' అనియే వచ్చును. ఆ మాట వినినవెంటనే వినువాడు 'ఎవరు?' అని అడుగును. ఈ భేదము వ్యాకరణమునకు సంబంధించినదే. కాని వంగదేశమునందలి ఒక చిన్నరేవున ఇది మనుష్యుల ప్రాణములకు సంబంధించిన భేదమాయెను. ఆ రేవు బడ్జ్ బడ్జ్.

కలకత్తాకు నైరృతిదిశగా, హుగ్లీనది తూర్పుగట్టున, నేటి దక్షిణ ఇరవైనాలుగు పరగణాల జిల్లాలో ఈ పట్టణమున్నది. జనుపమిల్లులు, నూనెగిడ్డంగులు దీనికి ప్రసిద్ధి. సియాల్దానుండి వచ్చు రైలుమార్గము ఇచ్చట ముగియును. వంగీయులు దీనిని 'బజ్‌బజ్' అందురు. ఆంగ్లేయులు తమ చెవికి తోచినట్లు వ్రాసిన వర్ణక్రమమున, వారి భాషలో 'కదలుట' అను అర్థము గల ఒక క్రియ రెండుమారులు కనబడును. ఇది కేవలము కాకతాళీయము. ఊరిపేరునకు ఆ క్రియతో సంబంధము లేదు. అయినను ఆ క్రియకు ఒక విశేషమున్నది. ఆంగ్లేయులు దానిని ఎక్కువగా వ్యతిరేకార్థమునందే వాడుదురు: కదలడు, కదలదు, కదలలేదు. వచ్చినవారు కొందరు ఈ రేవునుండి మరలిరి, కొందరు ఈ రేవునకు మరలి వచ్చిరి, కొందరిని ఈ రేవునకు మరల్చిరి. ఒకే జంటక్రియకు గల భిన్నార్థములు ఇచ్చటి చరిత్రలో వరుసగా కానవచ్చును.

మొదటిది 1756వ సంవత్సరపు సంగతి. ఆ ఏటి జూను మాసమున నవాబు సిరాజుద్దౌలా కలకత్తాను పట్టుకొనెను. దానిని తిరిగి తీసికొనుటకై క్లైవు, వాట్సను అను సేనానాయకులు అక్టోబరులో చెన్నపట్టణమునుండి ఓడలలో బయలుదేరిరి. వారివెంట దక్షిణదేశపు సిపాయిలు వందలకొలది ఉండిరి. ఆ కాలమునుండియే ఉత్తరదేశమున కంపెనీ సిపాయికి 'తిలంగా' అను పేరు వాడుకకు వచ్చినది. తెలుగునేల పేరే ఒక వృత్తికి పేరైనది. డిసెంబరు 29వ తేదీన బడ్జ్ బడ్జ్ కోటకడ నవాబు పక్షమువాడగు మాణిక్‌చంద్ కంపెనీసేన నిద్రించుచున్న సమయమున మీదపడెను. యుద్ధము సాగుచుండగా ఒక గుండు ఆయన తలపాగాను రాచుకొని పోయెననియు, అంతట ఆయన వెనుదిరిగెననియు చెప్పుదురు. ఆ రాత్రి తప్పద్రాగిన నావికుడొకడు ఒంటరిగా కోటలోనికి చొరబడి కేకలు వేయగా, తక్కినవారు వెనువెంట ప్రవేశించి కోటను పట్టుకొనిరి. 1757 జనవరి 2న కలకత్తా మరల ఆంగ్లేయుల వశమాయెను. మాణిక్‌చంద్ మరలినవాడు. ఆ మరలుట పిరికితనమో, వివేకమో, వేరు కారణము కలదో చరిత్రకారులు తర్కింపవచ్చును. మరలినది మాత్రము ఆయనయే. ఇచ్చట 'టర్న్ బ్యాక్' అనునది అకర్మకము. అనువాదమున చిక్కు లేదు.

రెండవది 1897వ సంవత్సరపు సంగతి. ఫిబ్రవరి 15న చెన్నపట్టణమున 'మొంబాసా' అను ఓడ నెక్కిన వివేకానందస్వామి బడ్జ్ బడ్జ్ రేవున దిగి, 19వ తేదీ ఉదయమున ప్రత్యేకమైన రైలులో సియాల్దా చేరెను. స్టేషనువద్ద వేలకొలది జనులు ఆయనకు స్వాగతము చెప్పిరి. పాశ్చాత్యదేశములకు పోయినవాడు స్వస్థలమునకు తిరిగి వచ్చెను. వెళ్లినది ఈ దేశమునుండియే, వచ్చినది ఈ దేశమునకే. కావున 'తిరిగి' అను మాట ఇచ్చట చక్కగా కుదిరినది. ఆయన 1893లో అమెరికాకు పోయినప్పటి దారి ఈ కథకు అవసరము. యొకొహామాలో ఓడ నెక్కి, పసిఫిక్ మహాసముద్రమును దాటి, ఆ జూలై 25న ఆయన కెనడాలోని వాంకూవరు రేవున దిగెను; అచ్చటినుండి రైలులో చికాగోకు పోయెను. నీవు ఎచ్చటినుండి నేరుగా వచ్చితివని ఆ రేవున భారతీయుని అడుగు నిబంధన ఆనాడు లేదు.

పదునైదేండ్లలో అట్టి నిబంధన వచ్చెను. 1908 జనవరి 8న కెనడా ప్రభుత్వము ఒక ఉత్తర్వును చేసెను. దాని ప్రకారము వలస వచ్చువారు తాము పుట్టిన దేశమునుండి గాని, పౌరులై యున్న దేశమునుండి గాని, బయలుదేరకమునుపే కొన్న పూర్తి టిక్కెట్టుతో, ఎడతెగని ఒకే ప్రయాణముగా రావలెను. తరువాత ఆసియావారు తలకొక్కింటికి 200 డాలర్లు చేత చూపవలెనను నియమమును చేరినది. ఎడతెగని ప్రయాణమును విధించిన ఉత్తర్వునందు భారతదేశము పేరు లేదు. కాని భారతదేశమునుండి కెనడాకు నేరుగా టిక్కెట్టు దొరకు మార్గము అప్పటికి మూయబడినది. చట్టము ఎవ్వరిని రావలదనలేదు. వచ్చుటకు దారి మాత్రము ఉంచలేదు. భారతీయులు బ్రిటిషు చక్రవర్తి ప్రజలు, కెనడాయు ఆ సామ్రాజ్యమునందలి భాగమే. ఒకే సామ్రాజ్యమున ఒక మూలనుండి మరియొక మూలకు పోవు ప్రజను పేరుపెట్టి నిషేధించుట ఇబ్బందికరముగ నుండెను. అందుచేత చిన్నమాటలు కావలసివచ్చినవి.

అమృతసరస్సు జిల్లాలోని సర్హాలీ గ్రామమున పుట్టి, మలయా సింగపూరులలో వ్యాపారము చేసిన గురుదిత్ సింగు ఈ నిబంధనను పరీక్షకు పెట్టెను. ఆయన 'కొమగాటా మారు' అను జపాను ఓడను అద్దెకు తీసికొనెను. 1890లో గ్లాస్గోలో కట్టబడిన పాత ఆవిరియోడ అది. దానికి ఆయన 'గురునానక్ జహాజు' అని పేరిడెను. 1914 ఏప్రిల్ 4న ఓడ హాంగ్‌కాంగునుండి బయలుదేరెను. అచ్చట ఎక్కినవారు 165 మంది. షాంఘైలో 111 మంది, మోజీలో 86 మంది, యొకొహామాలో 14 మంది ఎక్కిరి. మొత్తము 376 మంది. వారిలో అత్యధికులు సిక్కులు. ముస్లిములు, హిందువులు కూడ కలరు. ఈ లెక్కను జ్ఞాపకమునందుంచుకొనవలెను. ఓడలోని ఒక్క ప్రయాణికుడును భారతదేశపు రేవున ఎక్కినవాడు కాడు.

మే 23న ఓడ వాంకూవరు జలములను చేరెను. అధికారులు దానిని రేవుగట్టుకు రానీయలేదు. పూర్వమే కెనడాలో నివసించి తిరిగి వచ్చుచున్న కొలదిమందిని మాత్రమే దిగనిచ్చిరి. తక్కినవారు రెండుమాసములు ఓడలోనే ఉండిరి. తాగునీరును ఆహారమును కరవైనవి. ఒడ్డున నున్న భారతీయులు సంఘముగా ఏర్పడి, చందాలు వసూలుచేసి, ఓడ అద్దెను చెల్లించి, న్యాయవాదిని నియమించిరి. మున్షీ సింగు అను ఒక ప్రయాణికుని విషయమును పరీక్షావ్యాజ్యముగా నడపిరి. జూలై 6న బ్రిటిషు కొలంబియా అప్పీలు న్యాయస్థానము ప్రయాణికులకు వ్యతిరేకముగ తీర్పుచెప్పెను. జూలై 19వ తేదీ రాత్రి పోలీసులు 'సీ లయన్' అను పడవలో వచ్చి ఓడ నెక్కుటకు ప్రయత్నింపగా, ప్రయాణికులు బొగ్గుపెళ్లలు రువ్వి వారిని వెనుకకు త్రిప్పిరి. పిమ్మట 'రెయిన్‌బో' అను యుద్ధనౌకను రప్పించి ఎదుట నిలిపిరి. జూలై 23న కొమగాటా మారు వాంకూవరును విడిచెను.

ఈ చివరి వాక్యమును ఆంగ్లమున వ్రాయువాడు 'ఓడ టర్న్‌డ్ బ్యాక్' అని వ్రాసినచో వ్యాకరణదోషము లేదు. ఓడ ముక్కు పడమటికి తిరిగిన మాట నిజము. మరలిన ఓడను కెనడా యొడ్డున నిలిచి చూచినవారు కలరు. మరల్చిన ఫిరంగులను ఓడలోనుండి చూచినవారును కలరు. ఒకే క్రియారూపము ఇరువురి కన్నులకును సరిపోవుచున్నది. తెలుగున వ్రాయువానికి అట్టి సౌలభ్యము లేదు. 'ఓడ మరలినది' అని వ్రాసినచో యుద్ధనౌక కథనుండి తొలగిపోవును. 'ఓడను మరల్చిరి' అని వ్రాసినచో యుద్ధనౌకతోపాటు న్యాయస్థానమును, 1908నాటి ఉత్తర్వును వాక్యములోనికి వచ్చి నిలుచును. కావున ఈ స్థలమున అనువాదము భాషాంతరీకరణము మాత్రమే కాదు. సాక్ష్యము చెప్పుట కూడ.

ఇంక 'బ్యాక్' అను రెండవమాటను చూడవలెను. వెనుక అనగా ఎచ్చటికి? ఓడ హాంగ్‌కాంగునుండి వచ్చినది కావున వెనుక అనగా హాంగ్‌కాంగు కావలెను. కాని హాంగ్‌కాంగు ప్రభుత్వము వారిని దిగనీయమని తెలిపెను. ఆగస్టు 4న బ్రిటను జర్మనీతో యుద్ధమునకు దిగెను. ఓడ అప్పటికి సముద్రమధ్యమున నున్నది. ఓడ యొకొహామాను, పిమ్మట కోబేను చేరెను. సెప్టెంబరు 3న కోబేనుండి బయలుదేరి, నడుమ సింగపూరున ఆగెను. అచ్చటను ఎవరిని దిగనీయలేదు. ఓడ బయలుదేరిన హాంగ్‌కాంగుకు వారు తిరిగి పోలేకపోయిరి. పోగలిగిన రేవు కలకత్తా ఒక్కటియే. అది వారు ఎక్కని రేవు. మీరు మీ దేశమునుండి నేరుగా రాలేదని వాంకూవరున వారిని నిరాకరించిరి. తుదకు మీ దేశమునకే తిరిగి పొండని సామ్రాజ్యము వారిని పంపెను. రానిచోటికి తిరిగి పోవుట ఎట్లో ఏ వ్యాకరణమును చెప్పదు.

పుట్టుకచేత వారు పంజాబువారే గదా, పంజాబు వారి ఊరే గదా అని యనవచ్చును. అది న్యాయమైన మాటయే. వారిలో పలువురకు అచ్చట ఇండ్లును, పొలములును, ఆలుబిడ్డలును ఉండిరి. అయితే మనుష్యుడు తన ఊరికి తానై పోవుట వేరు, కావలివాండ్ర నడుమ చేర్పబడుట వేరు. 1914 సెప్టెంబరులోనే భారతప్రభుత్వము ఒక అత్యవసర శాసనమును చేసెను. దేశమున ప్రవేశించు వారెవరినైనను నిర్బంధించుటకు, వారి సంచారమును నియంత్రించుటకు ఆ శాసనము అధికారమిచ్చెను. ఆ దినములలో అమెరికా పశ్చిమతీరమునుండి గదర్ పక్షము ఆంగ్లప్రభుత్వముపై తిరుగుబాటును బోధించుచుండెను. కాలిఫోర్నియాలో చదువుకొనుచుండిన తెలుగువాడు దరిశి చెంచయ్య కూడ ఆ పక్షమున చేరినవాడే. యొకొహామాలో ఆ పక్షమువారు ఓడలోనివారితో మాటాడిరి. కావున ప్రభుత్వము ఆ ప్రయాణికులయందు నిరాశ్రయులను చూడలేదు, విద్రోహులను చూచెను.

ఓడ హుగ్లీ ముఖమునకు రాగానే పోలీసులు ఎక్కి సోదాచేసిరి. సెప్టెంబరు 29న ఓడను బడ్జ్ బడ్జ్ రేవుకు చేర్చిరి. స్టేషనులో ప్రత్యేకమైన రైలు సిద్ధముగ నుండెను. ప్రయాణికులు వెంటనే దాని నెక్కి పంజాబుకు పోవలెనని ఆజ్ఞ. ఛార్జీ లేదు. పదునేడేండ్ల క్రిందట అదే స్టేషనున మరియొక ప్రత్యేకమైన రైలు వివేకానందుని నెక్కించుకొని పోయినది. అది ఆహ్వానము, ఇది ఆజ్ఞ. సుమారు 60 మంది రైలెక్కిరి. తక్కినవారు ఎక్కమనిరి. కలకత్తాలో తమకు పనులు కలవనియు, ఓడ లెక్కలు తేలవలెననియు, తాము వెంట తెచ్చిన గురుగ్రంథ సాహెబును అచ్చటి గురుద్వారమున ఉంచవలెననియు వారు చెప్పిరి. పిమ్మట ఆ గ్రంథమును ముందిడుకొని, ఊరేగింపుగా కలకత్తామార్గమున కాలినడకన సాగిరి.

కొన్ని మైళ్లు నడచినంతట పోలీసులును సైనికులును వారికి అడ్డము వచ్చిరి. వారిని మరల్చి బడ్జ్ బడ్జ్‌కు నడిపించిరి. వాంకూవరున మరల్చినది ఓడను. ఇచ్చట మరల్చినది నడచుచున్న మనుష్యులను. వాగు పొంగినప్పుడు బండివాడు మరలు సందర్భమునకు ఆంగ్లేయుడు ఏ మాటను వాడునో, ఆ మాటకే ఇది సకర్మకరూపము. నడుచు త్రోవ, అడ్డగించిన చేతులు, వెనుకకు త్రిప్పిన ముఖములు: ఇచ్చట ఆ మాటకు లక్ష్యార్థము లేదు, వాచ్యార్థమే.

ప్రొద్దు గ్రుంకు వేళకు వారు స్టేషను సమీపమునకు చేరి, రైలు గేటుకడ గ్రంథమును నడుమ నుంచుకొని కూర్చుండిరి. గురుదిత్ సింగును ముందుకు రమ్మని అధికారులు పిలిచిరి. ఆయన అనుచరులు ఆయనను విడువలేదు. త్రోపులాట జరిగెను, పిస్తోళ్లు ప్రేలెను, పిమ్మట సైనికులు కాల్పులు జరిపిరి. మొదట ప్రేల్చినది ప్రయాణికులేనని ప్రభుత్వపక్షము చెప్పెను. గురుదిత్ సింగు తన గ్రంథమున ఆ మాటను నిరాకరించెను. 20 మంది వరకు ప్రయాణికులు మరణించిరి. ఇద్దరు ఆంగ్లేయులును, కొందరు పోలీసులును, ఊరివారును కూడ ఆ రాత్రి ప్రాణములు కోల్పోయిరి. రెండువందలకు పైగా ప్రయాణికులను పట్టి చెరసాలలో నుంచిరి. పిమ్మట విచారణకై నియమింపబడిన సంఘము ఆ ఏటి చివరనే అధికారులకు అనుకూలముగ నివేదించెను. గురుదిత్ సింగు చీకటిలో తప్పించుకొని ఏడేండ్లు మారుపేరులతో తిరిగి, గాంధీమహాత్ముని సలహామేరకు 1921 నవంబరులో నన్‌కానా సాహెబునందు తనంతట తాను లొంగిపోయెను. ఆయన 1954లో మరణించెను.

ఆయన తన యాత్రను గురించి వ్రాసిన ఆంగ్లగ్రంథమునకు 'విదేశములందు భారతదాస్యము' అను అర్థము గల ఉపశీర్షికను ఉంచెను. చూచుటకు అది పెద్దమాట. కాని దాని నిరూపణమునకు ఆయన చూపినవి చిన్నచిన్న సంగతులే: దిగవచ్చునా, ఆగవచ్చునా, ఏ దారిని పోవచ్చును, ఎవరు అడ్డుదురు. స్వతంత్రుడగువాడు మరలును, పరతంత్రుని మరల్తురు. ఆయన గ్రంథమంతయు ఈ రెండు క్రియల నడుమ సాగిన వాదమే యనదగును.

ఈ ప్రశ్న పంజాబువారికి మాత్రమే సంబంధించినది కాదు. తూర్పుతీరపు రేవులనుండి తెలుగువారు తరతరములుగా బర్మాకు పోయిరి. రంగూను రేవున బరువులు మోసిరి, బియ్యపుమిల్లులలో పనిచేసిరి. 1942లో జపానుసేనలు బర్మాలో ప్రవేశించినపుడు లక్షలాది భారతీయులు అడవులును కొండలును దాటి కాలినడకన వచ్చిరి. త్రోవలో ఆకలిచేతను వ్యాధులచేతను పడిపోయినవారు వేలకొలది. 1962 తరువాత బర్మాలోని సైనికప్రభుత్వము వర్తకమును జాతీయము చేయగా మరల అనేకులు ఓడలలో వచ్చిరి. వీరందరును 'తిరిగి వచ్చినవారు' అని ప్రభుత్వపు పత్రములు పేర్కొన్నవి. అయితే వారిలో రంగూనున పుట్టి, అచ్చటనే పెరిగి, విశాఖపట్టణమును అంతకుమున్ను కన్నులార చూడనివారును ఉండిరి. చూడని ఊరికి తిరిగి వచ్చుట కొమగాటా మారు ప్రయాణికుల కథయందలి చిక్కే. తాతలు బయలుదేరిన ఊరిని మనుమనికి 'వెనుక' అని చెప్పుట భాషకు సులభము. ఆ మనుమడు అచ్చట ఇల్లు కట్టుకొనవలెను, పని వెదకుకొనవలెను.

ఇట్టివారికి తెలుగున ఒక పేరున్నది: 'కాందిశీకులు'. అది సంస్కృతమునుండి వచ్చినది. 'ఏ దిక్కునకు పోదును?' అను ప్రశ్నయే ఆ పదమునకు మూలమని పూర్వులు చెప్పిరి. భయముచేత దిక్కుతోచక పరుగెత్తువాని నోట వచ్చు మాట వానికే పేరైనది. ఆంగ్లక్రియలోని 'బ్యాక్' అను మాట దిక్కును ముందుగనే నిర్ణయించివేయును. పంపువానికి అది తెలిసియే ఉండును. కాందిశీకపదమున దిక్కు ఇంకను ప్రశ్నగానే మిగిలియున్నది. ఆ ప్రశ్నను అడుగువాడు ప్రయాణికుడు, పంపువాడు కాడు. 1914 ఆగస్టులో పసిఫిక్ మహాసముద్రముపై నున్న ఆ ఓడలోని మనుష్యుల స్థితిని చెప్పుటకు ఏ ఆంగ్లపదమునకంటెను ఈ పాతమాటయే తగినది.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట బడ్జ్ బడ్జ్‌లో మృతుల స్మారకమును నిర్మించిరి. ఆకాశమువంక లేచిన కృపాణము ఆకారముగల ఆ కట్టడమును 1952లో జవహర్లాల్ నెహ్రూ ఆవిష్కరించెను. 1908నాటి కెనడా నిబంధన 1947లో తొలగిపోయెను. 2008 ఆగస్టు 3న కెనడా ప్రధాని స్టీఫెన్ హార్పర్ ఒక ఉత్సవసభలో క్షమాపణ చెప్పెను. అది పార్లమెంటులో చెప్పినది కాదని పలువురు అసంతృప్తి తెలిపిరి. 2016 మే 18న మరియొక ప్రధాని జస్టిన్ ట్రూడో పార్లమెంటునందే క్షమాపణ చెప్పెను. గడియారమును వెనుకకు త్రిప్పుట ఎవరికిని సాధ్యము కాదని ఆ జంటక్రియయే చెప్పుచున్నది. కాని క్షమాపణయందు ఒక భాషావిశేషము కలదు. క్షమాపణ చెప్పువాడు 'ఓడ మరలినది' అని చెప్పి ఊరకుండలేడు. 'మరల్చితిమి' అని చెప్పవలెను. నూరేండ్ల పిమ్మటనైనను అకర్మకము సకర్మకమాయెను. కర్త ముందుకు వచ్చి నిలిచెను.

2013లో బడ్జ్ బడ్జ్ స్టేషనుకు ఓడ పేరును చేర్చి 'కొమగాటా మారు బడ్జ్ బడ్జ్' అని నామకరణము చేసిరి. ప్రతిదినమును సియాల్దానుండి మిల్లుపనివారితో, విద్యార్థులతో, కూరగాయల గంపలతో రైళ్లు అచ్చటికి వచ్చును. ఆవల పట్టాలు లేవు. దిగవలసినవారు దిగుదురు, ఎక్కవలసినవారు ఎక్కుదురు, కొలది నిమిషములకు బండి కలకత్తావైపు మరలును. ఆ బండిలో కూర్చున్నవారు తమ ఇష్టముచేత పోవుచున్నారు, దారిలో వారిని ఆపువారు లేరు. 1914 సెప్టెంబరు 29న ఆ త్రోవన నడచినవారు కోరినది అంతమాత్రమే.